బేడల డబ్బాలో పొట్లాలు

“ఉప్పు సరిపోయిందంటాండా గదా,” అన్నాడు తిరుమలయ్య, చెంబెడు నీళ్లు ఎత్తి గొంతులో పోసుకుంటూ.

“సరిపోయేదేంది నాయనా, ఉప్పులో బొరుగులు ఏసినట్టుండాది,” అన్నాడు కొడుకు ప్రదీప్‌కుమార్. ఉగ్గాని పళ్లెం దూరంగా జరిపి, ఆకలి గుర్తొచ్చి, అంచున ఉన్న మిరపకాయ బజ్జీని మాత్రం వెనక్కి తీసుకున్నాడు. “అమ్మ ఒకసారి ఏసుంటాది, తెలీక పద్మ ఒకసారి ఏసుంటాది.”

“నేను ఏయలేదు,” అంది కోడలు పద్మప్రియ వంటింటి గడప దగ్గర నిలబడి. “అత్తే రెండుసార్లు ఏసింది. నేను చూస్తానే ఉండా.”

“చూస్తా చూస్తా ఊరుకుంటివా?”

“చెయ్యి పట్టుకుంటే ‘నా ఇంట్లో నన్నే ఆపుతావా’ అంటాది. నిన్న అట్ల అన్నప్పుడు నువ్వు ఎవరి పక్క మాట్లాడితివో గుర్తు చేసుకో.”

“ఉప్పు సరిపోయింది,” అన్నాడు తిరుమలయ్య మళ్లీ. పెళ్లయిన నాటి నుంచీ భార్య చేతి వంటకు వంక పెట్టని మనిషి. ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టే ఉద్దేశం ఆయనకు లేదు. చెంబు ఖాళీ అయిందని తెలిసి కోడలి వైపు చూశాడు. ఆమె నీళ్లు తెచ్చి పోసింది.

ఈ గొడవంతా జరుగుతుంటే భీమమ్మ తల ఎత్తకుండా తింటూనే ఉంది. కర్నూలులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్న మనిషి ఆమె. పోలీసు మెస్సుల్లో ఆరితేరిన నాలుకకు ఉప్పు ఒక లెక్క కాదు. కానీ కళ్లూ చెవులూ మాత్రం పళ్లెంలో లేవు. ఇంట్లో ఎవరు ఎవరికి నీళ్లు పోస్తున్నారో, పోసేటప్పుడు ముఖం ఎటు తిప్పుకుంటున్నారో చూస్తే సగం కేసు తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఆమె పక్కనే, ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలు తియ్యకుండా కూర్చున్నవాడు వాసుదేవ్. అతనూ డిటెక్టివే. కడప నుంచి వచ్చాడు. ఒకే ఇంటికి ఇద్దరు డిటెక్టివులు ఎందుకంటే, తండ్రి కొడుకుకు చెప్పకుండా కర్నూలుకు ఫోన్ చేశాడు, కొడుకు తండ్రికి చెప్పకుండా కడపకు ఫోన్ చేశాడు. కోయిలకుంట్ల రెండింటికీ మధ్యలో ఉంది కాబట్టి ఇద్దరూ వచ్చేశారు. వాసుదేవ్ రెండు వారాల ముందే వచ్చాడు. భీమమ్మ ఈ పొద్దున బస్సు దిగింది.

“మేడమ్, మీరు ఇంత దూరం రావడం శ్రమ,” అన్నాడు వాసుదేవ్ బజ్జీ నములుతూ. “కేసు అయిపోయింది.”

“అయిపోయిన కేసులో నువ్వింకా టిఫిన్ తింటాండావేంటికప్పా?”

తిరుమలయ్యకు నవ్వొచ్చింది గానీ, కొడుకు ముఖం చూసి చెంబు అడ్డం పెట్టుకున్నాడు.

కేసు ఇది. ఈ ఇంటి యజమానురాలు సుబ్బలక్ష్మమ్మకు అరవై దాటి ఎంతో కాలం కాలేదు. నూనెల వ్యాపారం చేసే ఆ ఇంట్లో ఆమెది మామూలు జ్ఞాపకశక్తి కాదు. కోయిలకుంట్ల, నంద్యాల, ప్రొద్దుటూరుల్లో ఏ శెట్టి ఇంట పెళ్లిలో ఏం వడ్డించారో, ఏ కూర పుల్లబడిందో, ఎవరు అలిగి భోజనం చెయ్యకుండా పోయారో అడిగితే చెప్పేది. అలాంటిది కిందటి వినాయక చవితి నుంచీ మనిషి మారిపోయింది. చెప్పిందే చెబుతోంది. కోడలు తనకు మందు పెడుతోందని వీధిలో నిలబడి అరుస్తోంది. మొన్న శుక్రవారం వాసుదేవ్ వంటింట్లో కందిబేడల డబ్బాలో పప్పు కిందికి చెయ్యిపెట్టి, కాగితపు పొట్లాలు బయటికి తీశాడు. వాటిలో తెల్లటి పొడి. కోడల్ని అడిగితే తలవంచుకుంది. మధ్యాహ్నానికి ఆమె తండ్రి ఓబుళేశు కడప నుంచి వస్తున్నాడు, కూతుర్ని తీసుకుపోవడానికి. ఆమె పుట్టింటికి పోతుందా, పోలీస్ స్టేషన్‌కు పోతుందా అన్నది ఆయన వచ్చాక తేలుస్తానని ప్రదీప్ అంటున్నాడు.

“చూడండి,” అంటూ వాసుదేవ్ ఫోను తీశాడు. “వంటింట్లో ఫ్రిజ్జు మీద గోడ గడియారం ఉండాది చూడండి. కంపెనీ ఫ్రీ గిఫ్టని చెప్పి నేనే తగిలించినా. దాంట్లో కెమెరా.”

“అందుకేనా అది ఎప్పుడూ వెనకబడి నడుస్తాంది,” అన్నాడు తిరుమలయ్య. “దాన్ని నమ్ముకొని నేను రెండుసార్లు బ్యాంకుకు పోయి, మూసిన తలుపు చూసి వచ్చినా.”

ఫోనులో పద్మప్రియ బేడల డబ్బా మూత తీసింది, అటూ ఇటూ చూసింది, ఒక పొట్లం విప్పి మజ్జిగలో కలిపింది. అత్తకు ఇచ్చింది. సుబ్బలక్ష్మమ్మ గటగటా తాగి లోటా తిరిగి ఇవ్వబోయింది. అంతలో కుడిచెయ్యి ఒక్కసారి ఎగిరింది. లోటా నేల మీద పడి దొర్లింది.

“అదీ,” అన్నాడు వాసుదేవ్. “లోపలికి పోయిందో లేదో చెయ్యి ఎగిరింది. విషం కాకపోతే ఏంది మేడమ్?”

“మా రోజుల్లో విషం కడుపులోకి దిగడానికి కొంచెం టైం తీసుకునేది,” అంది భీమమ్మ లేచి చెయ్యి కడుక్కుంటూ. “ఇప్పుడు అన్నీ ఫాస్టే అనుకో. యాడమ్మా పద్మా, నీ వంటిల్లు చూపియ్యి.”

వంటింట్లో అడుగుపెట్టగానే భీమమ్మ కాలికి ఏదో తగులుకుంది. డబ్బాల అర చుట్టూ, పొయ్యి వరకూ పసుపుపచ్చ రిబ్బను కట్టి ఉంది.

“నేరస్థలం,” అన్నాడు వెనకే వచ్చిన వాసుదేవ్. “ఎవరూ ముట్టుకోగూడదు.”

“ఇది పసుపు ఫంక్షన్‌లో కట్టే రిబ్బను గదప్పా.”

“పోలీసు టేపు కోయిలకుంట్లలో దొరకలా.”

“రెండు దినాల నుంచి చింతపండు తియ్యాలంటే దీని కింద దూరతాండా అక్కా,” అంది పద్మప్రియ. గొంతులో ఏడుపు ఉంది, దానికంటే విసుగు ఎక్కువ ఉంది. భీమమ్మకు ఆ విసుగు నచ్చింది. తప్పు చేసినవాళ్లు సాధారణంగా ఇంత విసుక్కోరు, మర్యాదగా ఉంటారు.

“నువ్వు బయట కూచో నాయనా. ఆడోళ్లు మాట్లాడుకోవాల,” అని భీమమ్మ వాసుదేవ్‌ను పంపి తలుపు వేసింది. గడియారం ముఖాన్ని గోడవైపు తిప్పింది.

ముందు డబ్బా చూసింది. ఈ ఇంట్లో మగవాళ్లు బేడల డబ్బా మూత తీసిన పాపాన పోరు. అంటే పొట్లాలు దాచింది మగవాళ్లకు కనబడకుండా ఉండాలని. అత్తకు కనబడకుండా దాచాలంటే ఈ డబ్బా పనికిరాదు, ఆమె రోజూ దీంట్లోనే చెయ్యి పెడుతుంది. తరువాత గిన్నెల అర చూసింది. లోటాలు ఒక్కొక్కటీ తీసి వెలుతురులో తిప్పింది. ఒకదానికి అంచు వంగింది. ఇంకొకదానికి పొట్టలో సొట్ట. తపేలా, మజ్జిగ చెంబు, కాఫీ గ్లాసు, అన్నీ దెబ్బ తిన్నవే. కొన్ని సొట్టల్లో తోమినా పోని నల్లటి జిడ్డు పట్టి ఉంది.

“ఇన్ని సొట్టలు ఏంటికి పడినాయి?”

“అత్త ఇసిరేస్తాదని మా ఆయన అంటాడు. కోపమని. ఇసిరేయదక్కా. ఆమె చేతిలోంచి అవే ఎగిరిపోతాయి.”

“ఎప్పటి నుంచి?”

“చవితి ముందర నుంచే. కుడుములకు పిండి ఉడకేస్తాంటే చేతిలో గరిటె ఎగిరిపడింది. నా కాలు కాలింది.”

“పొడి ఎప్పటి నుంచి?”

పద్మప్రియ సొట్టపడిన లోటా తీసుకొని తిరిగి అరలో పెట్టింది.

“పాపా, మధ్యాహ్నానికి మీ నాయన వస్తాడు. ఆయన ఎదురుగా చెప్పేకంటే నా ఎదురుగా చెప్పేది సులువు.”

“మోకాళ్ల నొప్పులకక్కా,” అంది ఆమె చివరికి. “సంతలో బొజ్జన్న అని ఒకాయన అమ్ముతాడు. దసరాకు ముందు అత్తే తెప్పిచ్చుకున్నాది. మామకు తెలిస్తే నాటుమందని తిడతాడని నాకు చెప్పి డబ్బాలో దాపిచ్చింది. ఒట్టు కూడా ఏయిచ్చుకున్నాది. ఇప్పుడు ఆ ఒట్టు ఆమెకే గుర్తులేదు. నాకుండాది.”

భీమమ్మ చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. ఈ ఇళ్లల్లో తారీఖులు అడిగితే ఎవరూ చెప్పలేరు, పండుగలు అడిగితే ఒక్కటీ తప్పు పోదు. ఆమె పొయ్యి గట్టుకు ఆనుకొని నిలబడింది.

“దసరాకు ఎట్లుండె మీ అత్త?”

“బాగుండె. బొమ్మల ముందర కూచొని వచ్చినోళ్లందరికీ వాళ్ల వాళ్ల పెండ్లిళ్లు చెప్పింది. మతిమరుపు పోయిందిలే అనుకున్నాం.”

“కార్తీకమాసం?”

“అయ్యో, అది చెప్పొద్దక్కా. అత్తకు కార్తీకం మొక్కు. తెల్లారుజామున నీళ్లు పోసుకోవడం, ఒంటిపూట భోజనం. నెలంతా మందు నోటికి తాకించదు. ఆ నెలే మనిషి శానా చెడిపోయింది. నెల చివర్లో శ్రీశైలం పోతే, దర్శనం లైనులో ఎవరో ముసలాయన్ను మామ అనుకొని చెయ్యి పట్టుకున్నాది. ‘బ్యాగు మొయ్యడానికి సిగ్గా’ అని తిట్టింది. పాపం ఆయప్ప సత్రం దాకా మోసినాడు.”

“ఆయప్ప ఏమనలేదా?”

“వాళ్ల ఇంట్లోదీ అట్లే తిడతాదంట. అలవాటైపోయిందన్నాడు.”

భీమమ్మ నవ్వు ఆపుకోవడానికి బేడల డబ్బాలోకి చూసింది. “తరువాత?”

“మొక్కు తీరినాక మళ్లీ పొడి తాగింది. ముక్కోటికి మా పెద్దమామ మనవరాలి పెండ్లి మాటలకు పోతే, అత్తే ముందుండి మాట్లాడింది. శివరాత్రి ముందర మా ఆయన ఫోన్లో ఏదో వీడియో చూసినాడు, నాటుమందులతో కిడ్నీలు పోతాయని. అత్త తాగేదానికి డబ్బాలోంచి తీసి దిండు కింద పెట్టుకున్న పొట్లాలన్నీ కాలవలో పారేసినాడు. వారం తిరక్కముందే నన్ను చూసి ‘ఎవరు నువ్వు, మా ఇంట్లో పనికి ఎప్పుడు చేరినావు’ అన్నాది. మోకాళ్లు పట్టుకొని ఏడుస్తాంటే చూళ్లేక నేనే మళ్లీ తెచ్చినా. నాలుగు దినాలకు ‘పద్మా’ అని పిలిచింది అక్కా.”

“మీ ఆయనకు చెప్పకుండా.”

“చెప్తే కాలవలో పారేస్తాడు గదా.”

బయట వాసుదేవ్ తలుపు తట్టి, గడియారంలో గోడ తప్ప ఏమీ కనబడడం లేదని ఫిర్యాదు చేశాడు.

సుబ్బలక్ష్మమ్మ పక్కగదిలో మంచం మీద ఉంది. పొద్దున ఉగ్గాని తాలింపు వేసి, కళ్లు తిరుగుతున్నాయని వచ్చి పడుకున్న మనిషి లేవలేదు. మంచం పక్కన వాంతి చేసుకున్న పళ్లెం ఉంది. ముఖం గుండ్రంగా ఉంది గానీ రక్తం లేనట్టు పాలిపోయింది.

“వదినా, ఎప్పుడొచ్చినావు?” అంది భీమమ్మను చూసి.

“ఇప్పుడే వదినా,” అంది భీమమ్మ మంచం అంచున కూర్చొని. వదిన కావడానికి ఆమెకేమీ అభ్యంతరం లేదు. డ్యూటీలో ఇంతకంటే కష్టమైన వేషాలు వేసింది. “ఒంట్లో ఎట్లుండాది?”

సుబ్బలక్ష్మమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “నా కోడలు నాకు మందు పెడతాంది. మజ్జిగలో కలిపి. ఎవరికీ చెప్పొద్దు.”

“చెప్పను. తాగితే ఎట్లుంటాది?”

“బాగుంటాది,” అంది ఆమె వెంటనే. భీమమ్మ చెయ్యి పట్టుకొని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. “రెండు దినాల నుంచి పెట్టడంలే. నీ దగ్గర ఏమన్నా ఉండాదా వదినా, ఆ మందు?”

ఎందరో ముద్దాయిలను విచారించిన భీమమ్మకు, తనకు విషం పెట్టడం మానేశారని ఫిర్యాదు చేసిన మనిషి ఇదే మొదలు. ఏదో అనబోయింది. ఆ క్షణంలో సుబ్బలక్ష్మమ్మ పెదవి కుడిపక్కకు లాక్కుపోయింది, కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి ఎగిరింది. రెప్పపాటు. ఆ వెంటనే ఏమీ జరగనట్టు ఆమె కొంగు సర్దుకుంది. కాసేపటికి మళ్లీ అలాగే అయింది.

భీమమ్మ బయటికి వచ్చి నేరుగా వాసుదేవ్ ముందు నిలబడింది.

“ఆ గడియారంలో రెండు వారాల వీడియో ఉండాది గదా. అంతా చూసినావా?”

“కోడలు వచ్చే భాగాలు చూసినా. మిగతాది ఏంటికి మేడమ్? ముసలామె కూరగాయలు తరుగుతాంటే చూసేదేముంది?”

“కోడలి మీద కేసు కాబట్టి కోడల్ని చూస్తివి. చెయ్యి ఎగిరింది ఎవరికి?”

“మేడమ్, నాకు పద్ధతులు చెప్పొద్దండి. నేను హైదరాబాదులో కోర్సు చేసినా.”

“నేను కర్నూలులో బందోబస్తు చేసినా. పెట్టు నాయనా వీడియో. మజ్జిగ తాగక ముందరిది.”

వాసుదేవ్ ప్రదీప్ వైపు చూశాడు. ప్రదీప్ కూడా దగ్గరికి జరిగేసరికి గత్యంతరం లేక వీడియో వెనక్కి జరిపాడు. మొదటి రోజు పొద్దున. సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే వంకాయలు తరుగుతోంది. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మూతి పక్కకు లాగింది, చెయ్యి ఎగిరింది, వంకాయ ముక్క వెళ్లి దేవుడి పటానికి తగిలింది.

“మజ్జిగ ఇంకా తాగలా,” అంది భీమమ్మ.

వాసుదేవ్ కళ్లద్దాలు తీశాడు. ఆ ఇంట్లో అతని కళ్లు అందరూ చూడడం అదే మొదటిసారి. ఆ తరువాత అతను చెప్పకుండానే వీడియోను ముందుకీ వెనక్కీ జరుపుతూ పోయాడు. పని తెలిసినవాడే, తొందర ఎక్కువ అంతే. పొడి కలిపిన రోజుల్లో చెయ్యి ఎప్పుడో ఒకసారి ఎగిరింది. శుక్రవారం పొట్లాలు తీసుకుపోయాక, శనివారం ఉదయం నుంచి ఆమె చేతిలో ఏదీ నిలవడం లేదు.

“ఇది తిరగబడి ఉండాది మేడమ్,” అన్నాడు మెల్లగా. “విషమైతే, ఆపినాక తగ్గాల.”

“అదీ మాట,” అంది భీమమ్మ. “మజ్జిగ ముందరిదీ, శనివారానిదీ, ఆ రెండు ముక్కలూ నాకు పంపు.”

భీమమ్మ ఇంటి మేడ మీద అద్దెకుండే హిమబిందు నరాల డాక్టరు. భీమమ్మ ఫోన్ చేస్తే ఎత్తగానే, “అక్కా, మోటరు ఆపినా. ట్యాంకు పొర్లలేదు,” అంది.

“మోటరు సంగతి కాదు డాక్టరమ్మా. వీడియో పంపినా, చూడు.” భీమమ్మ చవితి, దసరా, కార్తీకం, ముక్కోటి, శివరాత్రి వరుసగా చెప్పింది. ఫోను స్పీకరులో పెట్టి నడిమింటి బల్ల మీద ఉంచింది. తిరుమలయ్య, ప్రదీప్, పద్మప్రియ, వాసుదేవ్ చుట్టూ చేరారు.

హిమబిందు వీడియో రెండుసార్లు చూసింది.

“పొడి తాగినప్పుడు మొగం ఉబ్బిందా? ఆకలి ఎక్కువైందా?”

“గుండ్రంగా అయింది,” అంది పద్మప్రియ. “ఒళ్లు చేసినావని అందరూ మెచ్చుకున్నారు.”

“దాంట్లో స్టెరాయిడ్ కలిపుంటారు. సంతల్లో అమ్మే నొప్పుల పొడుల్లో అది మామూలే. అక్కా, పరీక్షలు చేయకుండా ఫోన్లో తేల్చి చెప్పకూడదు. కానీ ఆ చెయ్యీ మూతీ ఎగరడం నేను ముందర చూసినా. అది కోపం కాదు, ఒక రకం ఫిట్సు. స్టెరాయిడ్‌తో తగ్గి, ఆపితే తిరగబెట్టే మతిమరుపు వయసుతో వచ్చింది కాకపోవచ్చు.”

“మరి ఏంది?” అన్నాడు ప్రదీప్.

“మన ఒంట్లో కాపలా దండు ఒకటి ఉంటుంది. బయట నుంచి వచ్చే క్రిముల్ని పట్టుకోవడం దాని పని. ఒక్కోసారి అది గుర్తు తప్పి, మెదడులో మన సొంత కణాలనే దొంగలనుకొని పట్టుకుంటుంది. జ్ఞాపకాలు ఉండే చోట పడిందనుకోండి, మనిషి మర్చిపోతుంది, అనుమానిస్తుంది, ఇంట్లోవాళ్లే ఏదో చేస్తున్నారంటుంది. మీ డిపార్ట్‌మెంట్లో ఎప్పుడూ పొరపాటున వేరే ఇంటి మీద పడలేదా అక్కా?”

“ఆ ముచ్చట స్పీకర్లో వద్దు డాక్టరమ్మా.”

“స్టెరాయిడ్ ఆ దండును గమ్మున కూచోబెడుతుంది. అందుకే పొడి తాగిన రోజుల్లో ఆమెకు పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. మామూలు మతిమరుపు జబ్బుల్లో కూడా ఈ దండు చెయ్యి కొంత ఉంటుందని ఇప్పుడు చదువుతున్నాం, కానీ అక్కడ ఇట్ల ఆపడం మాకు చేతకాదు. ఈమెది నేననుకున్నదే అయితే చేతవుతుంది. రక్తం, వెన్నులో నీళ్లు, మెదడు స్కానింగు చూసి, సరైన మందు సరైన మోతాదులో ఇస్తే చాలామంది తేరుకుంటారు. ఆలస్యమయ్యేకొద్దీ పోయింది పూర్తిగా తిరిగి రాదు.”

తిరుమలయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. ఆరు నెలలుగా ఆయన “వయసు” అన్న ఒక్క మాట చెప్పుకొని ఓర్చుకుంటున్నాడు. ఆ మాట ఇప్పుడు ఎవరో లాగేసుకున్నట్టుంది. బాగుపడుతుందన్న ఆశ, ఆయనకు ఆ క్షణంలో, జబ్బుకంటే ఎక్కువ భయం పుట్టించింది.

“అయితే పద్మ చేసింది మంచిదేనా?” అన్నాడు.

“మంచిదని నేను అనను పెద్దాయనా. ఎంత ఉందో తెలియని మందు. జబ్బును కప్పిపెట్టింది కూడా. కానీ విషం కాదు. ఆ పొడి ఇప్పుడు ఎక్కడుంది?”

అందరూ వాసుదేవ్‌ను చూశారు. అతను కళ్లద్దాల కోసం వెతుక్కున్నాడు, అవి చేతిలోనే ఉన్నాయి. “శుక్రవారమే హైదరాబాదు ల్యాబుకు కొరియర్ చేసినా. అన్నీ.”

“శుక్రవారం నుంచి ఆమెకు చిటికెడు కూడా లేదా?” హిమబిందు గొంతు మారింది. “ఇప్పుడెట్లుంది? వాంతులు ఉన్నాయా? లేస్తే కళ్లు తిరుగుతున్నాయా?”

“పొద్దున నుంచి,” అంది పద్మప్రియ.

“అక్కా, వినండి. నెలల తరబడి స్టెరాయిడ్ తింటే, ఒంట్లో సొంతంగా తయారయ్యే అలాంటి మందే తయారు కావడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోతుంది, ప్రాణానికే ముప్పు. ఆ పొడి మళ్లీ వెతకొద్దు. ముందు మీ ఊరి ఆసుపత్రిలో బీపీ చూపించి, సెలైన్ పెట్టించి, డ్యూటీ డాక్టరుతో నాకు మాట్లాడించండి. ఏ ఇంజెక్షనో నేను చెప్తా. అక్కడి నుంచి నేరుగా కర్నూలుకు రండి. ఇప్పుడే.”

ఫోను ఆగింది. ప్రదీప్ భార్య వైపు చూడలేక వంటింట్లోని గడియారం వైపు చూశాడు. అది ఇంకా గోడవైపే తిరిగి ఉంది.

“విషం పెట్టేవాళ్ల కోసం వెతికినాం,” అంది భీమమ్మ. “ముప్పు తెచ్చింది పెట్టినోళ్లు కాదు, ఆపినోళ్లు.”

“అందరం కలిసి ఆపినాం మేడమ్,” అన్నాడు వాసుదేవ్. వాదించే ఓపిక అతని గొంతులో లేదు. “నా కారు బయటుండాది. ఏసీ పనిచేస్తాది. పోదాం.”

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడు. పద్మప్రియ తండ్రి ఓబుళేశు, ముఖం గంటు పెట్టుకొని లోపలికి వచ్చాడు. దారి పొడవునా బస్సులో తయారుచేసుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి.

“మాట్లాడాల్సింది మాట్లాడదాం శెట్టీ. నా బిడ్డ మీద ఏమని చెప్పినారు మీరు?” అని మొదలుపెట్టాడు.

“అన్నా, ఒక్క నిమిషం,” అన్న గొంతు గది వైపు నుంచి వచ్చింది.

సుబ్బలక్ష్మమ్మ గడప పట్టుకొని నిలబడి ఉంది. స్పీకరులో మాటలన్నీ ఆ గదిలోకి వినబడ్డాయని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. పద్మప్రియ పరుగున వెళ్లి నడుము చుట్టూ చెయ్యి వేసి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె ఊపిరి తీసుకుంది. కళ్లు తేటగా ఉన్నాయి. ఆ చూపు చూసి తిరుమలయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు, చాలా రోజులకు ఊరి నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు.

“నేను కర్నూలు పోతాండా,” అంది ఆమె మెల్లగా. అందరికీ వినబడాలని ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ చెప్పింది. “పద్మ నా వెంట వస్తాది. అన్నా, నీ బిడ్డను ఇప్పుడు పంపేది లేదు, ఏమనుకోవద్దు. ఒరే ప్రదీపా, ఇది విను. నాకు ఎప్పుడు తెలివుంటాదో ఎప్పుడు పోతాదో నాకే తెలీదు. పోయినప్పుడు ఈ పిల్లను ఏమేమో అంటా. అప్పుడు నా మాట వినొద్దండి. మందు కానీ, సూది కానీ, తిండి కానీ, పద్మ ఏం చెప్తే అది. నేను వద్దన్నా అదే. నేను ఏడ్చినా అదే. డాక్టరు నయమైందని చెప్పిందాకా ఈ ఇంట్లో నా మాట చెల్లదు.”

 ఓబుళేశు బస్సులో తయారుచేసుకున్న మాటలన్నీ మింగి తలూపాడు. తిరుమలయ్య “సరేలే” అన్నాడు, కొంచెం ఆలస్యంగా. వాసుదేవ్ కారు తీయడానికి బయటికి నడిచాడు. పద్మప్రియ అత్త చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టి, లేపడానికి మళ్లీ నడుము చుట్టూ చెయ్యి వేసింది.

సుబ్బలక్ష్మమ్మ పెదవి పక్కకు లాగింది. చెయ్యి ఎగిరి ఒళ్లో పడింది. ఆమె చెప్పుల వైపు చూసింది, తన నడుము చుట్టూ ఉన్న చేతి వైపు చూసింది, ఆ చేతి మనిషి ముఖంలోకి చూసింది. కళ్లల్లో తేట పోయింది.

“యాడికి తీస్కపోతాండావు నన్ను?” అంది గట్టిగా. “మందు పెట్టేదానికేనా? రేయ్ ప్రదీపా, చూస్తా కూచున్నావా? ఈ మనిషి నన్ను చంపుతాంది.”

ప్రదీప్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. తెరిచి, మూశాడు. ఇంటిల్లిపాదీ పద్మప్రియ వైపు చూశారు.

“చెప్పులేసుకో అత్తా,” అంది ఆమె.